సింగప్ప నాయకుడి గుట్ట కింద

మా వదిన ఫోన్ చేసి ఒకే మాట చెప్పింది. "మీయన్న కత్తికి నూనె రాస్తాండాడు సుజాతా." నేను తాగుతున్న టీ సగంలో వదిలేసి బీరువా మీద ఉన్న బ్యాగు కిందికి దించాను.

కత్తికి నూనె రాస్తే ఇంత కంగారెందుకని మీరనుకోవచ్చు. మాది జమ్మలమడుగు అవతల, ఒక రాళ్లగుట్ట కింద ఉన్న గుట్టకొట్టాల. మా వంశానికి పెద్ద సింగప్ప నాయకుడు. కుంపిణీ దొరల కాలంలో, వానలు లేని ఏడు కూడా శిస్తు కట్టి తీరాలంటే, వాళ్ల ధాన్యపు కొట్టు పగలగొట్టి గింజలు ఊళ్లకు పంచి, తనను నమ్మినవాళ్లను వెంటబెట్టుకుని గుట్టెక్కినవాడు. గొర్రెల మందలను ఎండిన వంకలో పరిగెత్తించి, ఆ దుమ్ము చూపించి, గుర్రపు దళం వస్తోందని సిపాయిలను హడలగొట్టి వెనక్కి పంపాడని మా నాయన చెప్పేవాడు. నేను కర్నూల్లో ఒక బడిలో సోషల్ టీచర్ని. పదో తరగతికి గ్రీకుల స్వాతంత్ర్య పోరాటం చెప్పేటప్పుడు, కొండల్లోని కాపరులనూ రైతులనూ కూడగట్టి తుర్కుల సుల్తాను సైన్యాన్ని ముప్పుతిప్పలు పెట్టిన ఆ దేశపు సేనానుల గురించి అవసరానికి మించి చెబుతుంటాను. మేడమ్ మళ్లీ వాళ్ల ఊరికి పోయిందని పిల్లలు నవ్వుకుంటారు.

చివరి రోజున సింగప్ప నాయకుడు గుట్ట కింద గుర్రం దిగి, కత్తి దూసి, ఖాళీ ఒరను తన తుపాకీదారు లాల్‌సాబు చేతికిచ్చాడట. నేనొచ్చినాక కత్తి దీంట్లో పెడతాను, అంతవరకూ ఈడనే ఉండమన్నాడట. ఆయన రాలేదు. తర్వాతెప్పుడో ఒక కాపరి చేతిలో కత్తి మాత్రం కిందికి వచ్చింది. అందుకే ఉగాది తర్వాత వచ్చే మొదటి మంగళవారం మా ఊళ్లో జాతర. నాయకుడి వంశంలో ఒకడు కత్తి పట్టుకుని ఒక్క పరుగున గుట్టెక్కి, పైన నాయకుడి బొమ్మ చెక్కి నిలిపిన వీరగల్లు చుట్టూ తిరిగి దిగివస్తాడు. లాల్‌సాబు వంశంలో ఒకడు ఒర ఒళ్లో పెట్టుకుని కింద కూర్చుంటాడు. కత్తి ఒరలో పడితే జాతర ముగిసినట్టు.

మా నాయన తర్వాత ఆ కత్తి మా అన్న ఓబులేసుది. అరవై దాటినా పరుగు మానలేదు. మొన్న చలికాలంలో గుండె పట్టేస్తే కర్నూలుకు తెచ్చి స్టెంటు వేయించాము. బరువులెత్తకూడదు, గుట్టలెక్కకూడదని డాక్టరు చెప్పినప్పుడు పక్కన నేనే ఉన్నాను. అన్న బుద్ధిమంతుడిలా తలూపాడు. ఆ తలూపు చూసి నమ్మాను చూడండి, నాదీ బుద్ధే.

ఇంకో చిక్కుంది. కత్తి పట్టినవాడు తనంతట తాను ఇస్తేనే అది ఇంకొకరి చేతికి పోవాలి. నోరు తెరిచి అడిగితే అతని చావు కోరినట్టే లెక్క. మా చిన్నాయన కొడుకులు ముగ్గురున్నారు, గుట్టను ఊదేసినట్టు ఎక్కగలరు. అన్న గుండె సంగతి ఊరంతటికీ తెలుసు. అయినా ఒక్కరూ అడగరు. అన్న ఇవ్వడు.

మంగళవారం పొద్దున ఆరు గంటలకు కర్నూలు బస్టాండులో నంద్యాల ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్లకు ఇప్పుడు బస్సు ఉచితం, ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు కొట్టి ఇస్తారు. ఆ పుణ్యమా అని కాలు పెట్టే సందు లేదు. ఓర్వకల్లు దాటేదాకా నిలబడి, అక్కడ ఒకావిడ దిగితే కిటికీ పక్కన కూలబడ్డాను. వదినకు ఫోన్ చేశాను. "పొద్దున్నే లేచి వంక దాకా నడిచొచ్చినాడు. మాత్రలు మాత్రం వేసుకున్నాడులే" అంది. నడిచొచ్చాడంటే కాళ్లకు సాధకం చేస్తున్నాడన్నమాట. పాణ్యం వచ్చేదాకా నా కళ్లు కిటికీ బయటే ఉన్నా ఏమీ చూడలేదు.

నంద్యాలలో ఎనిమిదిన్నరకు దిగి, స్టేషనుకు పోయే దారిలో ఒక బండి దగ్గర ఉగ్గాని, బజ్జీ తిన్నాను. ఈ దారిన వచ్చేవాళ్లకు నా సలహా, ఇక్కడే కడుపు నింపుకోండి, తర్వాత రైల్లో వేరుశనక్కాయలు తప్ప ఏమీ దొరకవు. నేను మాత్రం సగమే తినగలిగాను. "ఏమ్మా, కారం ఎక్కువాయనా?" అని బండతను అడిగాడు. కారం బాగానే ఉందని చెప్పి, డబ్బులిచ్చి స్టేషను వైపు నడిచాను.

ఎర్రగుంట్ల పోయే రైలు ఎప్పటిలాగే ఆలస్యం. జమ్మలమడుగులో దిగి, ఆటో పట్టుకుని, పరుగు మొదలయ్యే వేళకు ఊరు చేరాలి. సాయంత్రం నాలుగు దాటితే తప్పెట్లు మొదలవుతాయి, మొదలయ్యాక ఎవ్వరూ ఆపలేరు. ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ ఉండిపోయాను. వీపుల మీద పెద్ద పెద్ద సంచులతో నలుగురు కుర్రాళ్లు గండికోటకు పోతూ కనిపించారు. గుడారం వేసుకుని లోయ అంచున పడుకుంటారట. "అంచున ఎందుకు నాయనా, కొంచెం లోపలికి వేసుకోండి" అన్నాను. వాళ్లు మర్యాదగా నవ్వి అవతలికి జరిగారు.

బండి వచ్చేసరికి పదకొండు దాటింది. బనగానపల్లె దగ్గర నాపరాళ్ల గుట్టలు, కోయిలకుంట్ల దగ్గర శనగ కోసేసిన నల్లరేగడి. ఆ నేల ఎండకు నెర్రెలు విచ్చి ఉంది. నా ఎదురుగా కూర్చున్నావిడ పేరు రంగమ్మ. పుట్టింటికి పోయి నొస్సం తిరిగిపోతోంది. కాళ్ల దగ్గర ఒక మూట, ఒళ్లో ఇంకో మూట, రెండూ బియ్యం, బెల్లం, కందిబేడలే. నా మొహం చూసి ఊరుకోలేక అడిగింది.

"శానా దిగులుగా ఉండావే. యాడికి పోతాండావమ్మా?"

ముక్కూ మొహం తెలియని మనిషికి అంతా చెప్పేశాను. రైల్లో అదొక సుఖం, దిగిపోయేవాళ్లకు ఏమైనా చెప్పవచ్చు. ఆమె అంతా విని, బెల్లం ముక్క విరిచి నా చేతిలో పెట్టింది.

"హారతి ఎవరిస్తారు మీయన్నకు?"

"నేనే. ప్రతి ఏడూ ఆడబిడ్డనే కదా ఇచ్చేది."

"పళ్లెంలో ఏమేస్తాడు?"

"రవికె గుడ్డ, పసుపు కుంకుమ. ఏం కావాలమ్మా అని అడుగుతాడు, ఏమీ వద్దన్నా అంటాను."

"ఏమీ వద్దంటావా!" రంగమ్మ నన్ను తేరిపార చూసింది. "నేను చూడు, ఏటేటా అడిగి రెండు మూటలు తెచ్చుకుంటాండా. ఆడబిడ్డ వాకిట్లో అడ్డం నిలబడి, హారతి పళ్లెం పట్టుకుని అడిగితే, కాదనే మొగోడు మా పక్క ల్యాడు. కత్తి అడుగు."

"కత్తి అడగకూడదు. అడిగితే చావు కోరినట్టని..."

"అడక్కపోతే పరిగెత్తి చస్తాడని నువ్వే అంటివి గద."

నొస్సంలో ఆమె దిగిపోయింది. మూటలు దించడానికి సాయం చేశాను. రైలు కదిలాక నా భయం తగ్గకపోగా రెట్టింపయింది. అంతదాకా అన్నకు ఏమవుతుందోనన్న భయం ఒక్కటే. ఇప్పుడు, నేను అడిగాక అన్నకు ఏమైనా అయితే, ఈ ఏడో, పై ఏడో, ఎప్పుడైనా సరే, చెల్లెలు కత్తి అడిగింది కాబట్టే పోయాడంటారు. ఊరు అనే మాట అటుంచండి, నాకు నేనే అనుకుంటాను. చరిత్ర పాఠాలు చెప్పేదాన్ని, ఇవన్నీ నమ్మనని స్టాఫ్‌రూములో వాదిస్తాను. ఆ పూట ఆ రైలుపెట్టెలో మాత్రం పూర్తిగా నమ్మాను.

జమ్మలమడుగులో దిగేసరికి ఒంటిగంటన్నర. స్టేషను బయట మా ఊరి వైపు పోయే షేరాటో అతను బండి నిండేదాకా కదలనన్నాడు. మొత్తం నేనే మాట్లాడుకుని బయలుదేరదీశాను. దారిలో డ్రైవరు అద్దంలో చూస్తూ, "జాతరకా అమ్మా? మీ ఓబులేసప్ప ఈసారి ఉరకడం ల్యాదంట గదా?" అన్నాడు. ఎవరు చెప్పారన్నాను. "అందరూ అట్లనే అనుకుంటాండారు. ఆయప్ప ఒక్కడే ఉరుకుతానంటాండాడు" అన్నాడు.

ఇల్లు చేరేసరికి అన్న వరండాలో కూర్చుని తలపాగా చుట్టుకుంటున్నాడు. తెల్ల పంచె, నడుముకు ఎర్రగుడ్డ. కత్తి గోడకు ఆనించి ఉంది, నూనెకు మెరుస్తోంది. నన్ను చూసి నవ్వాడు.

"వచ్చినావా? అన్నం తిను పో. వదిన ఓళిగలు చేసింది."

"అన్నా, డాక్టరు..."

"డాక్టరుకు గుట్ట యాడుండాదో కూడా తెలీదు. ఇంగ ఆ మాట ఎత్తొద్దు."

వంటింట్లో వదిన పొయ్యి ముందు కూర్చుని ఉంది. పేరు లక్ష్మీదేవి, పెళ్లయి వచ్చినప్పటినుంచీ ఈ జాతర రోజు ఒక్కపొద్దే. కళ్లు ఉబ్బి ఉన్నాయి. నేను మెల్లగా, "వదినా, హారతి దగ్గర కత్తి అడుగుదామనుకుంటున్నాను" అన్నాను. ఆమె చేతిలో ఉన్న గరిటె ఆగిపోయింది. వద్దంటుందనుకున్నాను. మా ఇళ్లలో భార్య నోట ఆ మాట రావడమే తప్పు, వినడం ఇంకా తప్పు. ఆమె గరిటె పక్కన పెట్టింది. లేచి దేవుడి గూట్లోంచి ఇత్తడి పళ్లెం తీసింది. ఎప్పుడూ వాడే చిన్న పళ్లెం కాదు, పెళ్లిళ్లకు వాడే పెద్దది. చింతపండు వేసి తోమి నా చేతికిచ్చింది.

నాలుగు దాటాక తప్పెట్లు వాకిట్లోకి వచ్చాయి. చిన్నాయన కొడుకులు, ఊరి పెద్దలు, ఆడవాళ్లు, అందరూ నిండిపోయారు. గడప అవతల దస్తగిరి ఒరను రెండు చేతుల మీద పెట్టుకుని నిలబడ్డాడు. లాల్‌సాబు వంశంవాడు, నాకంటే నాలుగేళ్లు చిన్న, పొలం పనిలో రాటుదేలిన మనిషి. అన్న కత్తి పట్టుకుని గడప దగ్గరకు వచ్చాడు. నేను అడ్డం నిలబడి కర్పూరం వెలిగించాను. మొదటి పుల్ల ఆరిపోయింది, రెండోది అంటుకుంది.

మూడుసార్లు తిప్పాను. అన్న ఎప్పటిలాగే అడిగాడు.

"ఏం కావల్ల మా?"

"కత్తి కావల్లన్నా."

తప్పెట్లు కొట్టేవాళ్లకు వినపడక కొడుతూనే ఉన్నారు. ముందున్నవాళ్లు చేతులు ఊపితే ఆపారు. వెనక ఎవరో ముసలావిడ, "అయ్యో, ఏం మాట మాట్లాడ్తివే" అంది. అన్న మొహం నల్లబడింది.

"ఏమంటాండావో తెలుసునా నీకు?"

"తెలుసు. నా పళ్లెంలో కత్తి ఎయ్యి. ఎయ్యకుంటే నన్ను తోసుకోని పో."

నా మాట పుట్టింటి యాసలోకి మారిపోయిందని అనేశాకే తెలిసింది. పళ్లెంలో కర్పూరం తగ్గిపోతోంది. అది ఆరేలోగా ఏదో ఒకటి పడాలి, ఖాళీ పళ్లెంతో ఆడబిడ్డ వెనక్కి తిరగడం ఆ ఇంటికి అరిష్టం. అన్నకు కర్పూరం కనబడుతోంది, నాకు అన్న గుండె దగ్గర చొక్కా కదలడం కనబడుతోంది. ఈ కోపానికే ఏమైనా అయితే? అప్పుడిక నేను బతకనవసరం లేదనిపించింది. వద్దులే అన్నా అనే మాట నోటిదాకా వచ్చింది.

అన్న కత్తిని అడ్డంగా పళ్లెంలో పెట్టాడు. దాని బరువుకు పళ్లెం ఒరిగింది. నేను పొట్టకు ఆనించుకుని ఆపుకున్నాను. కర్పూరం చీర కొంగును కొంచెం కాల్చింది కూడా.

అడగడం దాకానే నేను ఆలోచించాను. తర్వాత ఎవరికివ్వాలన్నది అసలు తట్టనే లేదు. చిన్నాయన కొడుకుల వైపు తిరిగితే ముగ్గురూ ఒక అడుగు వెనక్కి వేశారు. అడిగి తెచ్చిన కత్తి ఎవరు ముట్టుకుంటారు? పళ్లెం పట్టుకుని వాకిట్లో బిక్కమొహం వేసుకుని నిలబడ్డాను. అన్న నా వైపు చూడకుండా గడప దిగి నేరుగా దస్తగిరి దగ్గరకు పోయాడు.

"ఇటియ్ ఆ ఒర."

"అన్నా?"

"ఒర నాకియ్. కత్తి నువ్వు తీసుకో. మీ లాల్‌సాబు తాత నుంచి మీ వాళ్లంతా కిందనే కూచోనుండారు. పో, నువ్వెక్కు ఈసారి."

దస్తగిరి ముందు నావైపు, తర్వాత ఊరి పెద్దల వైపు చూశాడు. చివరికి ఒక పెద్దాయన, "నాయకుడి వంశమోడే ఇస్తాండాడు గదప్పా" అన్నాడు. దస్తగిరి చెప్పులు విడిచి, పళ్లెంలోంచి కత్తి తీసుకుని కళ్లకద్దుకుని పరుగందుకున్నాడు. తప్పెట్లు అతని వెంట పడ్డాయి.

మేము గుట్ట కిందికి పోయి కూర్చున్నాము. బండ మీద అన్న, ఒళ్లో ఒర. కొంచెం ఎడంగా వదినా నేనూ, ప్రతి ఏడూ కూర్చునే చోటే. తప్పెట్లవాళ్లు సగం దాకా పోయి ఆగిపోతారు, పైకి ఒక్కడే పోవాలి. అన్న నాతో మాట్లాడటం లేదు. నేను అతని మొహం, ఛాతీ, చెమట చూసుకుంటూ కూర్చున్నాను. బాగానే ఉన్నాడు.

ఎప్పుడూ దిగే వేళ అయింది. దస్తగిరి రాలేదు. ఎండ గుట్ట అంచుకు జారింది. అన్న ఒరను ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చాడు. మళ్లీ మార్చాడు. లేచి నిలబడ్డాడు.

"ఇంతసేపెందుకు?" అన్నాడు వదినతో. "ఆ రెండో మలుపులో రాయి కదుల్తాది. ఎడంపక్క కాలు పెట్టొద్దని చెప్పల్యా నేను."

"వస్తాడులే, కూచో" అంది వదిన.

"ఎట్ల కూచునేది? వానికి పైన దోవ తెలీదు. జాతర నాడు వాడెప్పుడు ఎక్కినాడని?" అని గుట్ట వైపు రెండడుగులు వేశాడు. నేను లేచి ముందుకు పోయి అడ్డం నిలబడ్డాను. అతను తిరిగి బండ మీద కూర్చున్నాడు, ఒరను రొమ్ముకు అదుముకుని. మేకలు తోలుకుని కిందికి వస్తున్న ఒకామెను పిలిచి, పైన మనిషి కనబడ్డాడా అని అడిగాడు. చూడలేదంది. దాంతో ఇంకా కంగారు పడ్డాడు. పెదవులు ఆడుతున్నాయి, ఏ దేవుణ్ణి మొక్కుకుంటున్నాడో తెలియదు.

వెలుతురు ఇంకా ఉండగానే రెండో మలుపు దగ్గర కత్తి తళుక్కుమంది. అన్న లేచిన ఊపుకు వదిన భయపడి చెయ్యి పట్టుకుంది. దస్తగిరి వచ్చి ముందు నిలబడ్డాడు, మోకాలు దోక్కుపోయి ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"యాడ సచ్చినావురా ఇంతసేపు?"

"పైన నిలబడి చూస్తి అన్నా. ఈ గుట్ట మీదికి జాతర నాడు మా వాళ్లెవరూ రాల్యా గద. మా తాత పేరు చెప్పుకోని రోంతసేపు దువా చేస్తి. నువ్వు కింద ఉండావు గదాని నిమ్మళంగా ఉంటి."

అన్న ఒర పట్టుకుని ఎత్తాడు. దస్తగిరి కత్తి మొన దాని నోటికి ఆనించాడు. ఒర వణుకుతోంది, కత్తి లోపలికి పోవడం లేదు. దస్తగిరి రెండో చేత్తో అన్న చెయ్యి పట్టుకుని నిలిపితే అప్పుడు దిగింది. ఊరంతా కేకలు వేసింది.

ఆ రాత్రి అన్నం దగ్గర కూడా అన్న నాతో మాట్లాడలేదు. సాయంత్రం అంత కంగారు పడినవాడు నిమ్మళంగా తినేసి పడుకున్నాడు. నేను పక్కగదిలో అతని గురక వింటూ, అది ఆగిన ప్రతిసారీ లేచి కూర్చున్నాను.

పొద్దున్నే ఆటో వచ్చింది. వదిన ఓళిగలు, శనగలు మూటగట్టి ఇచ్చింది. ఈసారి వద్దనలేదు, ఒళ్లో పెట్టుకున్నాను. అన్న వచ్చి ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చున్నాడు. జమ్మలమడుగు దాకా వీపే చూపించాడు. స్టేషన్లో నాకు టికెట్టు తీసి, నీళ్లసీసా కొన్నాడు. బెంచీ మీద ఒక చివర అతను, ఒక చివర నేను. నంద్యాల బండి వచ్చింది. ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను. అప్పుడు లేచి వచ్చి ఊచలు పట్టుకున్నాడు.

"మీ వదినా నువ్వూ, ఏటేటా ఆడనే కూచుంటాంటిరి గదా."

"అవునన్నా."

"నేను దిగొచ్చిందాకా."

"ఊఁ."

బండి కదిలింది. ఊచలు వదలకుండా నాలుగడుగులు నడిచాడు. నడవద్దన్నా అని అరిచాను, గుండె గుర్తొచ్చి. వదిలేసి ప్లాట్‌ఫారం మీద ఆగిపోయాడు.

గుట్టకొట్టాల చూడాలనుకునేవాళ్లకు దారి కష్టమేమీ కాదు, కర్నూలు నుంచి ఒక పూట ప్రయాణం. గుట్ట పైన వీరగల్లు మీద గుర్రం, కత్తి, నాయకుడి మీసం ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి, చూసి రండి. దిగివచ్చేటప్పుడు కింద ఉన్న ఉత్తి బండను కూడా ఒకసారి చూడండి. దాని మీద ఏమీ చెక్కలేదు. కోయిలకుంట్ల దాటుతుండగా ఫోన్ మోగింది. అన్న. క్షేమంగా కూర్చున్నావా అని కూడా అడగలేదు.

"మ్మే, వచ్చే ఏడు సెలవు ముందుగానే పెట్టుకో. నేనొక్కడినే ఆడ కూచోలేను" అని పెట్టేశాడు.